జాబితాలో లచ్చమ్మ

ఆఫీసులో ఆ పేరు ప్రశాంతి చెవిన పడింది ఒక జూలై మధ్యాహ్నం, ఏడో అంతస్తు మీటింగు గదిలో. బయట పొద్దుటి నుంచీ ముసురు. అద్దాల మీద నీళ్లు సన్నగా జారుతుంటే, ఎదుటి భవనాలు గట్టిదనం పోగొట్టుకుని మెల్లగా కరుగుతున్నట్టు కనిపిస్తున్నాయి. లోపల తెర మీద పెద్ద పట్టిక. విభాగం పెద్ద రామ్మోహనరావు గారు ఒక్కో వరుసా చదువుకుంటూ వస్తున్నారు. కునుకు పట్టే వేళ. ప్రశాంతి సగం వింటోంది, సగం వానను చూస్తోంది.

"తర్వాతది... లచ్చమ్మ. ఇదేం పేరండీ?"

గదిలో అందరూ నవ్వారు. ప్రశాంతి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"తెలుగు రాతను లైన్లుగా విడగొట్టే కోడు సార్," అంది హరిత. ప్రొద్దుటూరు నుంచి వచ్చి కొత్తగూడలో హాస్టల్లో ఉంటూ పనిచేస్తున్న పిల్ల. "ఆస్పత్రుల్లో మన యంత్రాలు ఇచ్చే తెలుగు చీటీలన్నీ దీని మీదే నడుస్తాయి."

"రాసిందెవరు?"

"తెలీదు సార్. ఆ పేరు తప్ప ఇంకేం లేదు. మూడేళ్లుగా ఎవరు ఏమడిగినా జవాబు రాలేదంట."

లా విభాగం మధుసూదన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "పలికే మనిషి లేని సరుకు మన లోపల ఉండకూడదు. తీసేద్దాం. మనమే కొత్తది రాసుకుందాం."

రామ్మోహనరావు గారు ఆ వరుసకి ఎర్ర రంగు వేశారు. లచ్చమ్మ ఎర్రబడింది. పట్టిక ముందుకి సాగింది.

లచ్చమ్మ ప్రశాంతి నాయనమ్మ. పోయి పన్నెండేళ్లయింది.

ఈ పట్టిక ఎందుకొచ్చిందంటే, వాళ్ల కంపెనీ బ్యాంకులకీ ఆస్పత్రులకీ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతుంది. అది మొత్తం సొంత చేతి పనేనని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చింది. ఈ ఏడాది ఒక పెద్ద కొనుగోలుదారు, మీ సరుకులో బయటివాళ్లు రాసి ఊరికే పంచిపెట్టిన ఓపెన్ సోర్స్ కోడు ఏమేం ఉందో లెక్క ఇవ్వండి అన్నాడు. ఏముంటుంది, పదో పన్నెండో అనుకున్నారు. వెతికితే నాలుగు వందలు దాటాయి. ఎవరెవరో ఎక్కడెక్కడో రాసి, 'కావలసినవాళ్లు తీసుకోండి, మార్చుకోండి, మా పేరు మాత్రం చెరపకండి' అని వదిలినవి. పదేళ్లుగా వచ్చిన కుర్ర ఇంజినీర్లు తలా ఒకటి తెచ్చి లోపల కలుపుతూ పోయారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఉంచినదాన్ని ఎట్లా చూసుకోవాలి అని ఒక కమిటీ కూర్చుంది.

ప్రశాంతి టెస్టింగులో ఉంటుంది. పదకొండేళ్ల నౌకరీలో పదేళ్లకు పైగా బ్యాంకు ఫారాలే పరీక్షించింది, అన్నీ ఇంగ్లిషువి. ఆస్పత్రుల జట్టులోకి మారి నాలుగు నెలలే అయింది. తను పరీక్షిస్తున్న చీటీల అడుగున నాయనమ్మ కూర్చుని ఉందని ఆమెకి ఆ రోజు దాకా తెలియదు.

*

లచ్చమ్మది మూసాపేట. అది ఊరుగా ఉన్న రోజుల మనిషి. బాలానగర్ షెడ్లలో లేతు మిషన్ల కింద రాలిన ఇనుప రజను ఊడ్చి గంపలకెత్తే పని చేసింది. అరవై ఏళ్ల వయసులో, వయోజన విద్య అని బస్తీలో మధ్యాహ్నం పూట పలకలు పంచితే వెళ్లి కూర్చుంది. రెండేళ్లకి చదవడం వచ్చింది. ఆ తర్వాత ఆమె కంట పడిన అక్షరాన్ని వదిలింది లేదు. దుకాణం బోర్డులు, బస్సుల మీద ఊళ్ల పేర్లు, పల్లీలు కట్టిచ్చిన కాగితం ముక్క, ఎదురింటి గోడ మీద ఎలక్షన్ల రాత. అక్షరం కింద వేలు పెట్టి పైకే చదివేది. ఎవరన్నా సాయం చేయబోతే, "జరాగు, నాకొస్తది," అనేది.

రెండు వేల తొమ్మిదిలో ప్రశాంతి ఎంసీఏ అయిపోయి ఇంట్లో ఉంది. ఆ ఏడాది కంపెనీలు ఉన్నవాళ్లనే తీసేస్తున్నాయి, కొత్తవాళ్లనెక్కడ పిలుస్తాయి? విడిభాగాలు కొని కూర్చిన పాత కంప్యూటరు ముందు ఆమె పొద్దు పుచ్చుతున్న రోజుల్లో, లచ్చమ్మకి బీపీ అని దవాఖానలో గోలీలు రాసిచ్చారు. ఏది ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో అచ్చయిన సన్నటి చీటీ చేతిలో పెట్టారు.

మూడు రోజుల తర్వాత చూస్తే గోలీల పొట్లం విప్పనే లేదు. చీటీ దిండు కింద మడిచి ఉంది. లచ్చమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఏమైంది నాయనమ్మా? ఎందుకు ఏస్కోలేదు?"

అటే తిరిగి ఉండి, చీటీ తీసి చేతికిచ్చింది. తర్వాత సన్నటి గొంతుతో, "నా సదువు పోయిందే బిడ్డా," అంది. "ఎంత సూసినా వస్తలేదు. అంత మర్శిపోయిన."

ప్రశాంతి చీటీ విప్పింది. 'రాత్రి' అన్న మాటలో 'రాత్' ఒక వరుస చివర ఉంది, 'రి' కింద వరుసలో విడిగా పడింది. 'మధ్యాహ్నం' నడిమికి తెగింది. 'మాత్ర' చివరి 'ర' ఒంటరిగా ఎక్కడో ఉంది. కాగితం సన్నది. ఒత్తు దాని అక్షరం నుంచి విడిపోకూడదని తెలియని యంత్రం, లెక్క ప్రకారం ఎక్కడ పడితే అక్కడ కోసేసింది.

"నీ సదువు యాడికి పోలే నాయనమ్మా," అంది ప్రశాంతి. "మిషనుకే సదువు రాదు."

లచ్చమ్మ ఇటు తిరిగి పడుకుంది. "నిజంగనా?"

తెలుగు మాటని తప్పు చోట కోయని కోడు రాయడం ప్రశాంతి ఆ రోజే మొదలుపెట్టింది. నలభై రోజులు పట్టింది. పొద్దున రాసేది. మధ్యాహ్నం సన్నటి కాగితం మీద అచ్చు తీసి నాయనమ్మ ముందు పెట్టేది. వేపచెట్టు నీడ కిటికీలోంచి వచ్చి ఆ కాగితం మీద కదులుతుండేది. లచ్చమ్మ వేలు కదిలినంత దూరం కోడు బాగున్నట్టు. వేలు ఆగితే తప్పున్నట్టు. స్త్రీ, రాష్ట్రం, మూత్రపిండం, మత్స్యకారుడు. కష్టమైన మాటల కోసం లచ్చమ్మే పక్కింట్లోంచి పాత పేపర్లు అడిగి తెచ్చేది. ఒక్కోసారి ఇద్దరూ ఆ మధ్యాహ్నాల్లో మాటల వెంట ఎక్కడికో వెళ్లిపోయేవాళ్లు. "మత్స్యకారుడంటే ఎవలే?" "చాపలు పట్టేటోడు." "మరి గంత పెద్ద పేరెందుకే పాపం వానికి?"

పని అయ్యాక దాన్ని నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. తన పేరు పెట్టడానికి సిగ్గేసి, ఇందులో సగం పని ఈమెదే కదా అని 'లచ్చమ్మ' అని పెట్టింది. ఆ పేరు మీదే ఒక మెయిలు కూడా. తండ్రి రామచంద్రం బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. "ఊరికే ఇస్తవా?" అని అడిగాడు. అడిగి, తనే మళ్లీ అన్నాడు, "ఇయ్యి. మా షెడ్డుల కొలతలు సూసే గేజి ఒక్కటే ఉంటది, గల్లీ మొత్తం తీస్కపోతరు. మల్ల తెచ్చిస్తరు."

ఉత్తరాలు రావడం మొదలైంది. కరీంనగర్‌లో పెళ్లిపత్రికలు వేసే ప్రెస్సాయన, వరంగల్ దగ్గర ఒక బడిపంతులు, ఇంకా ఎవరెవరో. 'లచ్చమ్మ గారికి' అని మొదలయ్యే ఆ ఉత్తరాలు ప్రశాంతి చదివి వినిపిస్తే లచ్చమ్మ పైట సర్దుకుని కూర్చుని వినేది. మూడేళ్ల తర్వాత, ఒక చలికాలం పొద్దున, నిద్రలోనే పోయింది.

మరుసటి ఏడు ప్రశాంతికి మాదాపూర్‌లో ఈ ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు సంతకం పెట్టిన కాగితంలో, ఇక్కడ ఉన్నంత కాలం నువ్వు రాసే కోడంతా కంపెనీదే అని ఉంది. లచ్చమ్మ అంతకు ముందటిది. కానీ ఉత్తరాలు ఆగవు కదా. ఎవరో ఒక తప్పు చూపిస్తారు, దిద్దాలి. ఇంట్లో దిద్దేది. మూడుసార్లు మాత్రం మనసు ఆగక, భోజనాల వేళ ఆఫీసు కంప్యూటరు మీదే దిద్దింది. ఆ తర్వాత, ఇట్లాంటి పనికే వేరే కంపెనీలో ఎవరినో తీసేశారని లిఫ్టులో మాట వినపడింది. ఆ రోజు నుంచి ఆ మెయిలు తెరవలేదు. మూడేళ్లయింది. ముసలామెను ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి తలుపు వేసుకున్నట్టు అనిపించేది. అనిపించినప్పుడల్లా వేరే పని పెట్టుకునేది.

*

లచ్చమ్మకి బదులు కొత్తది రాసే పని హరితకి పడింది. గడువు ఆరు వారాలు. పరీక్షించే పని ప్రశాంతికి.

రెండో వారానికి హరిత మొదటిది తెచ్చింది. 'స్త్రీల వార్డు' దగ్గర తెగింది. ప్రశాంతి ఫెయిల్ అని రాసింది. మూడో వారం ఇంకొకటి తెచ్చింది. 'మూత్రపిండం' బాగానే ఉంది, 'శస్త్రచికిత్స' విరిగింది. ఫెయిల్. ఎక్కడ విరుగుతుందో ప్రశాంతికి ముందే తెలుసు. ఆ మాటలన్నీ ఆమె పాత మధ్యాహ్నాల్లోవి. చెబితే ఒక్క రోజులో అయిపోయే పని. చెప్పదు. నీకెట్లా తెలుసని అడుగుతారని భయం. మీటలు నొక్కుతుంటే వేళ్లు తనవి కానట్టుండేవి. ఏసీ చల్లదనంలో, ఎవరి తెర ముందు వాళ్లు మునిగిపోయిన ఆ నిశ్శబ్దంలో, నీళ్లడుగున నడుస్తున్నట్టుగా రోజులు గడిచాయి.

ఐదో వారంలో ఒక రోజు హరిత క్యాంటీన్లో ఎదురుగా వచ్చి కూర్చుంది. పళ్లెం ముట్టుకోలేదు.

"నాకు చేతకావడంలే అక్కా."

"అయితది లే. ఇంకా వారముంది."

"అది కాదు. నేను లచ్చమ్మ కోడంతా చదివినాను. ఒకటి అనిపిస్తాంది నాకు. దీన్ని రాసినోళ్లు ఒక్కరే కూర్చోని రాయలేదు. ఎవురికో చదివిచ్చి, వాళ్లు ఎక్కడ తడబడినారో చూసి, మళ్లా రాసినారు. ప్రతి చోటా ఒక మనిషి ఉన్నట్టుంది అక్కా లోపల." పళ్లెం పక్కకి జరిపి, "ఉత్తరం గూడా రాసినాను వాళ్లకి. జవాబు రాదని తెలుసు. ఊరికే," అంది.

ఆ సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ప్రశాంతి మూడేళ్ల తర్వాత ఆ మెయిలు తెరిచింది. చదవనివి అరవై ఒకటి. అన్నిటికంటే పైన హరితది.

'లచ్చమ్మ గారికి నమస్కారం. మీరు ఆడవారో మగవారో, ఉన్నారో లేరో కూడా నాకు తెలియదు. మా నాయన తల్లి, మా జేజికి మా ఊరి ఆస్పత్రిలో ఇచ్చే చీటీ మీ వల్లే సరిగ్గా వస్తుందని ఇక్కడ చేరాకే తెలిసింది. ఆమె ఎవరినీ అడగకుండా తానే చదువుకుంటుంది, అది ఆమెకు గొప్ప. ఇప్పుడు మిమ్మల్ని తీసేసే పని నాకిచ్చారు. మీకు చెప్పకుండా తీసేయడం బాగా అనిపించలేదు. ఏమీ అనుకోకండి.'

రైలు సాగుతోంది. కింద దీపాలు వెలుగుతున్నాయి, తడిసిన రోడ్ల మీద వాటి రంగులు పొడుగ్గా పరుచుకుంటున్నాయి. చెరువో, బండలో, ఇళ్ల కప్పులో తెలియకుండా అన్నీ ఒకే మసక వెలుతురులో వెనక్కి తేలిపోతున్నాయి. అమీర్‌పేటలో దిగి మూసాపేట రైలు ఎక్కాలి. ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిందో తెలియలేదు. తల ఎత్తేసరికి రసూల్‌పురా. దిగి, ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని, ఆ ఉత్తరం ఇంకోసారి చదివింది.

ఇంటికొచ్చి భర్త తిరుపతికి అంతా చెప్పింది. ఆయన బాలానగర్‌లోనే చిన్న వర్క్‌షాపు నడుపుతాడు. విని, "నౌకరీ పోతదా?" అన్నాడు.

"పోవచ్చు."

"జర ఆలోచించు మరి," అని ఊరుకున్నాడు. ఆ మాటతో ఆమెకి ఏ ధైర్యమూ రాలేదు. పొద్దున టిఫిన్ డబ్బా అందిస్తూ మాత్రం, "చెప్పేసి రా. నువ్వు గిట్ల ముద్ద మింగకుంట తిరిగితే నేను సూడలేను," అన్నాడు.

*

హరితకి ముందు చెప్పింది. ఆఫీసు వెనక, కట్టేటప్పుడు పగలగొట్టకుండా వదిలేసిన పెద్ద బండ ఒకటి ఉంటుంది. దాని పక్కన నిలబడి, ఫోనులో ఆ మెయిలు తెరిచి చేతికిచ్చింది.

హరిత చూసింది. తన ఉత్తరాన్నే అవతలి వైపు నుంచి చూస్తోందని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నవ్వింది. వెంటనే ముఖం ఎర్రబడింది.

"నాలుగు కుర్చీల అవతల కూర్చోని ఐదు వారాలు నన్ను ఫెయిలు చేసినావా అక్కా?"

"తప్పయింది."

"నేను హాస్టలుకు పోయి ఏడ్చినాను, తెలుసా?"

"తప్పయింది హరితా. భయపడ్డ."

హరిత బండకి ఆనుకుని నిలబడింది. తర్వాత, "లచ్చమ్మ ఎవరు?" అంది. ప్రశాంతి చెప్పింది. చెబుతున్నంత సేపూ చినుకులు పడుతూనే ఉన్నాయి. ఇద్దరూ లోపలికి వెళ్లలేదు. అంతా విన్నాక హరితే ఆమె మోచెయ్యి పట్టుకుంది. "పా, మధుసూదన్ సార్ దగ్గరికి పోదాం."

మధుసూదన్ పెద్దగా ఆశ్చర్యపోలేదు. కాగితం, పెన్ను తీసుకున్నాడు.

"మొదట రాసిన తేదీకి ఆధారం ఉందా ప్రశాంతి గారూ?"

"ఉంది సార్. అన్ని మార్పులూ తేదీలతో అక్కడే ఉన్నాయి. నేను ఇక్కడ చేరక ముందు నాలుగేళ్లది."

"చేరాక చేసిన మార్పులు? ఇంట్లో, మీ సొంత కంప్యూటర్ మీదేనా?"

"మూడు తప్ప."

పెన్ను ఆగింది. "ఆ మూడు?"

"ఇక్కడే చేసిన సార్. భోజనాల టైముల."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "మీరు చెప్పకపోతే ఈ మూడింటి సంగతి నాకు తెలిసేది కాదు."

"తెలుసు సార్. ఆమె పేరు మీద అబద్ధం వద్దనిపించింది."

నిర్ణయం రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ప్రశాంతి ఉద్యోగం పోయినట్టే బతికింది. విచిత్రంగా, మనసు తేలికపడింది. కిటికీలోంచి మబ్బులు చూసేది. ఫ్లైఓవర్ మీద బారులు తీరిన కార్లు దూరం నుంచి కదలనట్టే ఉండి, మళ్లీ చూసేసరికి మాయమై ఉండేవి. ఇంతకాలం ఈ అద్దాల వెనక కూర్చుని, ఒక్కసారైనా బయటికి ఇట్లా చూడలేదే అనుకుంది.

పదకొండో రోజు రామ్మోహనరావు గారు పిలిచారు. మధుసూదన్ కూడా ఉన్నాడు.

"ఇన్నేళ్లూ ఒక్క మాట చెప్పలేదేమండీ?" అన్నారు రామ్మోహనరావు గారు. కోపంగానే అన్నారు.

"ఎవరికి చెప్పాలో తెలియలేదు సార్. వద్దు అన్న కాగితం ఉంది. ఎట్లా అడగాలన్న కాగితం లేదు."

ఆయన మధుసూదన్ వైపు చూశారు. మధుసూదన్ బల్ల వైపు చూశాడు.

"అది రాయిస్తున్నాంలెండి," అన్నారు చివరికి.

అయింది ఇదీ. లచ్చమ్మ మీద, ఆ మూడు దిద్దుబాట్ల మీద కూడా, కంపెనీకి ఏ హక్కూ లేదని సంతకాలతో కాగితం ఇచ్చారు. పట్టికలో ఎర్ర రంగు తీసేశారు. పలికే మనిషి ఒక్కరే ఉంటే మళ్లీ ఇదే గతి పడుతుందని, ఇద్దరుండాలన్నారు. రెండో మనిషి హరిత. శుక్రవారం మధ్యాహ్నాలు ఆఫీసు టైములోనే ఆ పని చూసుకోవచ్చన్నారు. బయటి కోడు మీద పనిచేయాలనుకునేవాళ్లు ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల్లో జవాబు చెప్పాలో ఒక పేజీలో రాసి అందరికీ పంపారు. ఆ నెలలోనే ఇంకో ఐదుగురు బయటపడ్డారు. ఒకతను చందమామ తిథుల లెక్క రాసుకున్నాడట, ఇంకొకామె పిట్టల కూతలు గుర్తుపట్టేది ఏదో.

ముందే చెప్పనందుకు ప్రశాంతి ఫైల్లో మందలింపు పత్రం ఒకటి చేరింది. ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ ఆగింది. బాధ లేదంటే అబద్ధం. ఇంటికెళ్లి ఆ మాట చెప్పింది. తిరుపతి చాయ్ పెట్టిచ్చి పక్కన కూర్చున్నాడు.

శుక్రవారాలు మొదలయ్యాయి. ఒక్కో ఉత్తరానికి జవాబు రాస్తూ పోయింది. 'ఆలస్యానికి మన్నించండి' అని మొదలుపెట్టి, అడిగింది దిద్ది, చివర తన పేరు రాసేది. కరీంనగర్ ప్రెస్సాయనకి రాసింది తిరిగి వచ్చేసింది, ఆ చిరునామా ఇప్పుడు లేదట. బడిపంతులు మాత్రం గంటలోనే జవాబిచ్చాడు. రిటైరయ్యాడట. 'లచ్చమ్మ గారు బాగున్నారా?' అని అడిగాడు. దానికి ఏం రాయాలో తెలియక రెండు శుక్రవారాలు అట్టే పెట్టి, మూడో వారం రాసింది.

అక్టోబరులో ఉట్నూరు వైపు నుంచి ఒక టీచరమ్మ రాసింది. పేరు రేఖ. పిల్లల కోసం గోండి మాటలు తెలుగు లిపిలో అచ్చు వేసుకుంటున్నామని, ఒక మాట ఎప్పుడూ తప్పు చోట తెగుతోందని. ప్రశాంతి, హరిత ఆ మాటను తెర మీద పెట్టుకుని చాలాసేపు చూశారు. అక్షరాలన్నీ తెలిసినవే. మాటే తెలియదు. ఎక్కడ ఆపి పలకాలో తెలియకపోతే ఎక్కడ విడగొట్టాలో ఎట్లా తెలుస్తుంది?

"ఫోన్ చేద్దాం అక్కా," అంది హరిత.

రేఖ ఫోనెత్తింది. విషయం చెబితే, "నేను కాదు, పిల్లలే సరిగ్గా చెప్తరు, ఉండుండి," అని ఎవరినో పిలిచింది. అడుగుల చప్పుడు, బెంచీ జరిపిన చప్పుడు. ముందు ఒక పాప గొంతు ఆ మాట పలికింది. తర్వాత ఇద్దరు. తర్వాత తరగతి మొత్తం, సాగదీసి, విడదీసి, మళ్లీ కలిపి. ఆ గొంతులు ఏడో అంతస్తు గదిలో నిండాయి. పక్క కుర్చీల వాళ్లు తలలు తిప్పి చూశారు.

ప్రశాంతి పెన్ను తీసి, వాళ్లు ఆగిన చోటల్లా కాగితం మీద చిన్న గీత పెట్టింది.

"ఇంకొక్కసారి చెప్పుమనండి," అంది ఫోనులోకి.